ప్రసవ గదిలో ఆ కేక ఎక్కడిది?

సంపాదకులు గారికి నమస్కారం.

కాన్పుకు వచ్చిన సుగాలీ తండా అమ్మాయిని ప్రభుత్వాసుపత్రిలో నర్సు తొడ మీద కొట్టిందనీ, నోటికొచ్చినట్టు తిట్టిందనీ మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. రెండు రోజుల తర్వాత దాని మీద సంపాదకీయం రాశారు. సిబ్బందికి ముందు మానవత్వం నేర్పాలన్నారు. ఆ నర్సును సస్పెండ్ చేసినట్టు కూడా అందులో ఉంది. అంతకు కొద్ది వారాల ముందే, మే 12న నర్సుల దినోత్సవానికి, ఇదే పత్రిక మమ్మల్ని తెల్లబట్టల దేవతలని పొగిడి కొవ్వొత్తి బొమ్మ వేసింది. దేవతలమూ మేమే, రాక్షసులమూ మేమే. ఈ రెంటికీ మధ్య నైట్ డ్యూటీ చేసే మామూలు నర్సు గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగే. కత్తిరించక తప్పకపోతే అంకెలు తీసెయ్యండి, మనుషుల సంగతి మాత్రం ఉంచండి.

నేను స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సునై, చివరికి నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా రిటైరయ్యాను. లేబర్ రూమ్‌లో పనిచేసిన కాలమే ఎక్కువ. కొట్టిన చేతిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నొప్పులు పడుతున్న ఆడమనిషి మీద చెయ్యెత్తడం నేరమే. శిక్ష పడాల్సిందే. కానీ శిక్ష పడ్డ మర్నాడు ఆ బల్ల దగ్గరికి ఇంకో నర్సు వస్తుంది, ఆమె కూడా అలాగే అరుస్తుంది. ఎందుకు అన్నదే నా ప్రశ్న.

అందరూ చెప్పే జవాబు పని ఒత్తిడి. అది అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు, తెలంగాణలో 97 ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంట్లో కనే కాలం దాదాపు పోయింది. మంచిదే. మరి ఇంతమంది ఆసుపత్రికి వస్తుంటే గదిలో నర్సులెందరు? బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొకరు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికొకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఆ నిష్పత్తి మా పిల్లల నోట్సులో తప్ప వార్డులో నేను చూసింది తక్కువ. రాత్రి పూట ఒక్క నర్సే మూడు బల్లలు చూసుకుంటూ, అవతల వార్డులో బాలింతలకు ఇంజెక్షన్లు వేస్తూ, మధ్యలో కేస్ షీట్లు, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గుర్తించే చార్టు), మందుల ఇండెంటు రాయాలి. ఒకామెకు తల కనబడుతుంటుంది, ఇంకో ఆమెకు రక్తం ఆగదు. అప్పుడు గొంతు లేస్తుంది.

అయితే ఒత్తిడే కారణమైతే ఆ గొంతు అందరి మీదా ఒకేలా లేవాలి కదా? లేవదు. అదే గదిలో, అదే నర్సు, టీచరుగారి భార్యతో "మేడమ్, కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది" అంటుంది. పక్క బల్ల మీదున్న తండా అమ్మాయితో "ఏయ్, కాళ్లు ముడవకు, చెప్పేది నీక్కాదూ" అంటుంది. పడుకున్నప్పుడు గుర్తు రాలేదా, ఇప్పుడు ఏడుస్తున్నావా అనే మాట పేదింటి ఆడవాళ్లే వింటారు. తహసీల్దారు గారి కోడలితో ఎవరైనా ఆ మాట అనగా నేను వినలేదు. అరుపుకు అడ్రస్ ఉంది. కులం చూసి, చీర చూసి, యాస విని అది పోయి తగులుతుంది.

సరే, నర్సు గుండె రాయి అనుకుందామా? అదీ కుదరదు. ఆ అరిచిన మనిషే తెల్లవారుజామున ఎవరూ లేని బాలింతకు తన టిఫిన్ డబ్బాలోంచి ఇడ్లీ తీసి పెట్టడం నా కళ్లతో చూశాను.

ఈ చిక్కుముడి నాకు చాలాకాలం విడిపడలేదు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి కెనడా వెళ్లి అక్కడ పైచదువు చదువుతూ తన పాఠాలు నాకు పంపించేది. ఇంగ్లీషు చాలా గట్టిది, డిక్షనరీ దగ్గర పెట్టుకుని చదివాను. అక్కడ బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో జోన్ ఆండర్సన్ అనే నర్సింగ్ ప్రొఫెసరు, ఆమెతో పనిచేసినవాళ్లు 2002 ప్రాంతంలో నర్సింగ్‌లోకి ఒక కొత్త చూపు తెచ్చారు. దాని పేరు పోస్ట్ కలోనియల్ ఫెమినిజం. పేరు చూసి భయపడాల్సిన పని లేదు. నాకు అర్థమైనంతలో వాళ్లు చెప్పేది ఇదీ: రోగి బాధను ఆమె ఒంట్లోనే వెతికితే సరిపోదు, ఆమె ఏ చరిత్ర గుండా నడిచి ఆ మంచం దాకా వచ్చిందో చూడాలి. ఆడది, పేదది, పరాయి పాలన కింద నలిగిన జాతిది అనే మూడు సంగతులను విడదీసి చూస్తే నిజం కనబడదు. నర్సు కూడా ఆ చరిత్రకు బయట నిలబడి లేదు. ఈ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

వాళ్ల కంటే ముందే న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ (అక్కడి మూలవాసి జాతి) నర్సు ఇంకా సూటిగా చెప్పింది. 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో నర్సుల సమావేశం జరుగుతోంది. చట్టపరమైన భద్రత, వైద్యపరమైన భద్రత అంటూ పెద్దలు మాట్లాడుతుంటే, మొదటి సంవత్సరం చదువుతున్న ఒక మావోరీ విద్యార్థిని లేచి, మా సంస్కృతికి భద్రత మాటేమిటని అడిగింది. ఆ ప్రశ్న మీద రామ్స్‌డెన్ 'కల్చరల్ సేఫ్టీ' అనే పాఠమే కట్టింది. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని సిలబస్‌లో పెట్టింది. అక్కడి పత్రికలు గోల గోల చేశాయి, 1995లో పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. అయినా పాఠం నిలబడింది. సేవ బాగుందో లేదో నిర్ణయించేది సేవ అందుకున్న మనిషే, చేసిన నర్సు కాదు అని ఆ పాఠం సారం. ఎదుటివాళ్ల ఆచారాలు బట్టీ పట్టడం కంటే ముందు నర్సు తనను తాను చూసుకోవాలి, తన చేతిలో ఎంత అధికారం ఉందో గుర్తించాలి అంటుంది. ఇక్కడ మన పిల్లలకు 'గిరిజనుల ఆహారపు అలవాట్లు' అని ఒక పేజీ ఇచ్చి పది మార్కుల ప్రశ్న వేస్తాం. అక్కడ నిన్ను నువ్వు చూసుకో అంటారు. రెండోది కష్టం.

ఈ చూపుతో మన వార్డును చూడండి. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సింగ్ శిక్షణ 1871లో మొదలైంది. సైన్యం కోసం 1888లో పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయిలో ఓడ దిగారు. పైన నర్సులందరికీ పెద్దగా తెల్ల మేట్రన్, ఆమె కింద యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ సిస్టర్లు, వాళ్ల కింద దేశీ క్రైస్తవ అమ్మాయిలు, అందరికంటే కింద ఆయాలు, తోటీలు. పైమెట్టు మీద ఉన్నవాళ్లు ఆర్డర్ వేస్తారు, చార్టు చూస్తారు. మలం, మూత్రం, రక్తం ముట్టుకునే పని ఒక్కో మెట్టూ దిగుతూ అట్టడుగుకు చేరుతుంది. ఆ నిచ్చెన మీద ఇవాళ తెల్లవాళ్లు లేరు. మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రొఫెసరు పీజీని, పీజీ హౌస్ సర్జన్‌ను, హౌస్ సర్జన్ నర్సును, నర్సు ఎఫ్ఎన్ఓను (వార్డులో సాయం చేసే ఆయమ్మను), ఎఫ్ఎన్ఓ స్వీపరమ్మను అరుస్తారు. స్వీపరమ్మ పేషెంటును అరుస్తుంది. పేషెంటు ఎవరిని అరవాలి? అందుకే మీ వార్తలోని ఆ కేక ఆ నర్సు నోట్లో పుట్టిందని నేననుకోను. అది చాలా పైనుంచి దిగి వచ్చింది.

నా స్నేహితురాలు, రిటైర్డ్ మేట్రన్, ఇది విని నవ్వింది. "తెల్లోళ్లు పోయి ఎన్నాళ్లయింది, ఇంకా వాళ్ల మీదే పెడతావేంటే" అంది. ఆమె మాటలో సగం నిజముంది. కెనడా వాళ్ల పుస్తకాల్లో రంగు గురించి, జాతి గురించి ఉంది, కులం గురించి లేదు. దొర నిచ్చెన తెచ్చినప్పుడు దాని కింది మెట్లు మన ఊళ్లో ముందే సిద్ధంగా ఉన్నాయి. అందుకే అది అంత తేలిగ్గా నిలబడింది, దొర పోయినా కూలలేదు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మాది గుంటూరు జిల్లాలో మాదిగ క్రైస్తవ కుటుంబం. మా నాయనమ్మ మంత్రసాని. ఊరందరి పిల్లల బొడ్డూ కోసిన చెయ్యి ఆమెది. పెద్ద కులాల ఇళ్లలో నొప్పులు మొదలైతే అర్ధరాత్రి కబురొచ్చేది. దొడ్డిదారిన పిలిచేవారు, కాన్పయ్యాక దొడ్డిదారినే పంపేవారు. చేటెడు బియ్యం, పాత చీర ఇచ్చేవారు. బిడ్డను మొదట ఎత్తుకున్న మనిషి పదకొండో రోజు పురుడుకు లోపలికి రాకూడదు. అలాంటి మంత్రసానులనే ఆనాటి తెల్ల డాక్టర్లు మురికిమనుషులని రాశారు. లేడీ కర్జన్ 1903లో విక్టోరియా రాణి పేరిట నిధి పెట్టి దాయీలకు, అంటే మంత్రసానులకే, శిక్షణ ఇప్పించే పని మొదలుపెట్టింది. మన పెద్దకులాలు అంటరానిదన్నాయి, వాళ్లు అజ్ఞాని అన్నారు. ఆమె చేతిలోని పనితనాన్ని కాగితం మీద పెట్టినవాళ్లు లేరు.

అలాగని మంత్రసానిని ఆకాశానికెత్తను. నాయనమ్మ చేతిలో తల్లులు పోయారు. బొడ్డు కోసిన కొడవలి వల్ల ధనుర్వాతం వచ్చి ఎనిమిదో రోజో పదో రోజో పిల్లలు పోయేవారని ఆమే చెప్పేది. ఆసుపత్రి రావడం మేలే. ఇంకో మాట కూడా చెప్పాలి. గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా కూగ్లర్ వచ్చి, 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి కట్టకపోతే, అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సు శిక్షణ మొదలవ్వకపోతే, మా వాడల ఆడపిల్లలు పొలం కూలీ దాటి ఎక్కడికి వెళ్లేవారు? పరాయి రక్తం ముట్టుకోవడం మైల అని మిగతావాళ్లు దూరంగా ఉన్నారు కాబట్టే ఆ చదువు మాకు దక్కింది. నెల జీతం, తెల్ల చీర, చేతికి వాచీ, నలుగురిలో 'సిస్టర్' అనే పిలుపు. మా అమ్మ నన్ను పంపించినప్పుడు ఆమె మొహంలో ఉన్న గర్వం నాకు తెలుసు. వలస పాలన మాకు సంకెల వేసిందా, తాళం తీసిందా అంటే రెండూ చేసింది. ఒక్కటే చెప్పమంటే నేను చెప్పలేను.

పాఠాల్లో మాత్రం ఈ కథ లేదు. మొదటి సంవత్సరంలో చరిత్ర అనగానే ఫ్లోరెన్స్ నైటింగేల్, దీపం, ప్రమాణం. ఆవిడ గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. ఇండియాలో అడుగు పెట్టకుండానే దశాబ్దాల పాటు ఇక్కడి సిపాయిల బారకాసుల పారిశుద్ధ్యం గురించి, కరువుల గురించి లెక్కలు కట్టి రాసింది. మన ధవళేశ్వరం కాటన్ దొర కాలువల వాదనను లండన్‌లో గట్టిగా సమర్థించిన మనిషి. (ఈ ముక్క చెబితే గోదావరి జిల్లా పిల్లలు నిటారుగా కూర్చునేవారు.) ఆవిడ సేవ చేసిన క్రిమియా యుద్ధానికే జమైకా నుంచి వచ్చిన మేరీ సీకోల్‌ను లండన్‌లో వద్దంటే, సొంత ఖర్చుతో వెళ్లి సైనికులకు సేవ చేసింది. ఆమెకు లండన్‌లో విగ్రహం పెట్టేసరికి 2016 వచ్చింది. నేను పరీక్ష రాసినప్పుడు ఆమె పేరే వినలేదు. ఇక నాయనమ్మ లాంటివాళ్లు ఏ పాఠంలో ఉంటారు?

ఒక సంగతి చెబుతాను. పిల్లలను తీసుకుని ఒక ఏరియా ఆసుపత్రికి క్లినికల్స్‌కు, అంటే వార్డులో పని నేర్పడానికి, వెళ్లేదాన్ని. ఒకరోజు మాచర్ల వైపు తండా నుంచి తొలిచూలు అమ్మాయిని తెచ్చారు. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్లుంటాయి. అత్తను బయట గ్రిల్ దగ్గరే ఆపేశారు. ఆ అమ్మాయి బల్ల మీద పడుకోనంటుంది, లేచి కూర్చుంటుంది, దిగబోతుంది. సిస్టర్ రెండుసార్లు చెప్పింది, మూడోసారి భుజం పట్టి వెనక్కి నెట్టింది. ఆ అమ్మాయి వాళ్ల భాషలో ఏదో గట్టిగా అంటోంది, ఎవరికీ అర్థం కాలేదు. తల తిప్పి చూస్తే నా విద్యార్థుల్లో ఒక పిల్ల కళ్లనిండా నీళ్లు. ఏమైందే అంటే, "మేడమ్, నడుం విరిగిపోతోంది, పడుకుంటే ఊపిరాడడం లేదు, కూర్చుని కంటానంటోంది" అంది. నీకెలా తెలుసంటే తల దించుకుంది. తనదీ తండానే. రెండేళ్లుగా హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. వార్డులో ఆ భాష మాట్లాడితే తనను కూడా పేషెంటులాగే చూస్తారని భయం.

వెళ్లి మాట్లాడు అన్నాను. వెళ్లింది. చెవి దగ్గర వంగి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ అమ్మాయి ఈ పిల్ల చున్నీ కొస గుప్పిట్లో బిగించి పట్టుకుంది, కాన్పయ్యేదాకా వదల్లేదు. సిస్టర్ కూడా మెత్తబడి, తల వైపు బల్ల ఎత్తి, వీపు కింద రెండు దిండ్లు పెట్టింది. ముక్కమన్నప్పుడు ముక్కింది. మగపిల్లాడు. కుట్లు కూడా పడలేదు. ఆ సిస్టర్ చెడ్డదేం కాదు. ఆమెకు ఎవరూ ఇంకో దారి చూపించలేదు.

వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేసినట్టు పైకెత్తే పద్ధతి డాక్టరు చూపుకు వీలని వచ్చింది, కనే మనిషి వీలు కోసం కాదు. మా నాయనమ్మ కాలంలో మంచం కోడు పట్టుకుని, గొంతుక్కూర్చుని కనేవారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయో తెలుసా? తల్లి తనకు నచ్చిన భంగిమలో కనొచ్చు, తనకు కావాల్సిన మనిషిని పక్కన ఉంచుకోవచ్చు, అందరికీ అలవాటుగా కోత పెట్టి కుట్లు వేయొద్దు, పొట్ట మీద నొక్కొద్దు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2017 డిసెంబరులో 'లక్ష్య' అనే కార్యక్రమం పెట్టి, కాన్పు గదిలో గౌరవంగా చూడాలనీ, తోడు మనిషిని రానివ్వాలనీ చెప్పింది. నాయనమ్మ పద్ధతి జెనీవాలోని ఆ ప్రపంచ సంస్థ నుంచి ఇంగ్లీషులో తిరిగొస్తే గానీ మనకు నచ్చలేదు! అదీ ఇంకా గ్రిల్ దాటి లోపలికి రాలేదు.

తెలంగాణలో ఒక మంచి పని జరిగింది. 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి ప్రభుత్వ నర్సులకే మిడ్‌వైఫరీలో పద్ధెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టారు. మామూలు కాన్పును మందూ కత్తీ లేకుండా, తల్లి పక్కన కూర్చుని చేయించడం నేర్పారు. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అయితే అదే తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. దేశం మొత్తం సగటు 21. ఒళ్లు ఆడవాళ్లది, నిర్ణయం మాత్రం ఎవరిదో.

మీ వార్త దగ్గరకే వస్తాను. అందులో భర్త మాట ఉంది, సూపరింటెండెంటు మాట ఉంది, కుల సంఘం నాయకుడి మాట ఉంది. ఆ అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు. అమెరికాలో ఉండే మన స్త్రీవాద రచయిత్రి చంద్ర తల్పడే మొహంతీ 1980ల్లోనే పాశ్చాత్య స్త్రీవాదులను తప్పుపట్టింది. పేద దేశాల ఆడవాళ్లందరినీ ఒకే గంపలో వేసి, నోరులేని బాధితులుగా చూపిస్తున్నారని. ఆ పని చేయడానికి తెల్లవాళ్లే అక్కర్లేదు, జిల్లా పేజీ చాలు. ఆ నర్సు మాట కూడా లేదనుకోండి. ఆమె సస్పెండైంది కదా, ఇక మాటెందుకు!

నర్సు పక్కన కాసేపు నిలబడతాను, ఏమీ అనుకోవద్దు. 2020 మే 3న హెలికాప్టరు గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. అందరం టీవీలో చూశాం. 2021 జూలైలో రెండో వేవ్ తగ్గగానే తెలంగాణలో కోవిడ్ వార్డుల్లో పనిచేసిన ఔట్‌సోర్సింగ్ నర్సులను ఉద్యోగాల్లోంచి తీసేస్తే వాళ్లు హైదరాబాద్ రోడ్ల మీద కూర్చున్నారు. ప్రైవేటు ఆసుపత్రుల సంగతి సరేసరి. సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలంది, 50 పడకల లోపు అయినా నెలకు 20,000కు తగ్గకూడదంది. మా చెల్లెలి కూతురు ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినప్పుడు దాంట్లో సగానికి కొంచెం పైన ఇచ్చారు. పన్నెండు గంటల డ్యూటీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకున్నారు, మానేస్తానంటే బాండు డబ్బు కట్టమన్నారు. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు నైట్ డ్యూటీ మానేస్తుందా అని మొదటి ప్రశ్న వేశారు. ఇంజినీరు అమ్మాయి అమెరికా వాళ్లకోసం రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చుంటే ఆ ప్రశ్న రాదు.

నర్సుకంటే కింద ఉన్న ఎఫ్ఎన్ఓలు, స్వీపర్లు ఏజెన్సీ మనుషులు. జీతం ఏ నెలకొస్తుందో వాళ్లకే తెలియదు. మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్ల పుడితే ఇంత అని గ్రిల్ దగ్గర చెయ్యి చాపేది వాళ్లే. అది తప్పే, తండావాళ్ల కొంగున ఉన్న ఆఖరి నోటు అలా పోతుంది. కానీ ఆ ఆయమ్మను పట్టుకుని వీడియో తీసే కుర్రవాళ్లు ఏజెన్సీ యజమాని ఇంటి ముందు ఫోను తీయగా నేను చూడలేదు.

ఇవన్నీ పడలేక మా పిల్లలు వెళ్లిపోతున్నారు. ప్రపంచంలో ఎనిమిది మంది నర్సుల్లో ఒకరు పుట్టిన దేశంలోనో చదివిన దేశంలోనో కాక వేరే దేశంలో పనిచేస్తున్నారని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. వెళ్లొద్దని నేనెవరికీ చెప్పను. కెనడాలో ఉన్న నా విద్యార్థిని, బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇక్కడ ఐసీయూ నడిపిన పిల్ల, అక్కడ లైసెన్సు వచ్చేదాకా వృద్ధాశ్రమంలో కేర్ ఎయిడ్‌గా ముసలివాళ్లకు స్నానం చేయించింది. ఒక ముసలామె నీ నల్ల చేతులతో ముట్టుకోవద్దందట. ఆ రాత్రి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, మనం కూడా ఇలాగే చూశాం కదా" అంది. తెనాలిలో పక్షవాతంతో ఉన్న వాళ్లమ్మకు ఒడిశా నుంచి వచ్చిన ఒకమ్మాయి డైపరు మారుస్తుంది. ఆ అమ్మాయి పిల్లల్ని ఎవరు చూస్తున్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.

మానవత్వం మీద రెండు గంటల సెమినార్ పెడితే ఇది పోదు. అలాంటి సెమినార్లు నేనే చాలా పెట్టాను, సమోసా టీ ఖర్చు దండగ. 2023లో పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం తీసేసి జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. సిలబస్ తిరగరాసేవాళ్లు అందులో కులం గురించి ఒక పాఠం పెట్టాలి, మంత్రసాని చరిత్ర పెట్టాలి, నిన్ను నువ్వు చూసుకో అనే రామ్స్‌డెన్ పాఠం పెట్టాలి. తండా భాష, కోయ భాష వచ్చిన పిల్లలు దాన్ని దాచుకోకుండా, దానికి విలువ దొరికేలా చూడాలి. కాన్పు గదిలోకి తల్లినో అత్తనో రానివ్వడానికి జీవో అక్కర్లేదు, ఒక కర్టెనూ ఒక స్టూలూ చాలు. తోడు మనిషి లోపలుంటే నర్సు గొంతు దానంతటదే తగ్గుతుంది, ఇది నా అనుభవం. నర్సుల సంఘాలు కూడా జీతాల గురించి మాట్లాడినంత గట్టిగా ఆయమ్మ జీతం గురించి మాట్లాడాలి. మాట్లాడవు, అది నాకు తెలుసు. నేను సంఘంలో ఉన్నప్పుడు ఆ తీర్మానం ఎప్పుడు పెట్టినా టైమ్ అయిపోయేది.

మీరు చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఈసారి ఇలాంటి వార్త వస్తే మీ విలేకరిని ఆ రాత్రి డ్యూటీ రోస్టరు, కాన్పుల రిజిస్టరు అడగమనండి. ఎన్ని కాన్పులకు ఎంతమంది నర్సులున్నారో, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో పక్కనే బాక్సు కట్టి వేయండి. ఆసుపత్రి వాళ్లు ఇవ్వబోమంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఎవరికి రాయాలో, ఏ రిజిస్టరు అడగాలో తెలియకపోతే చెప్పండి, దరఖాస్తు నేనే రాసి పంపుతాను.

ఇట్లు
రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్,
గుంటూరు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)